డాబా మీద మూడు కిలోవాట్లు: కొటేషన్ నుంచి నెట్ మీటర్ బిల్లు దాకా

గుంటూరు బ్రాడీపేటలో మా డాబా మీద ఇప్పుడు ఆరు సోలార్ ప్యానెళ్లున్నాయి. ఒక్కోటి 545 వాట్లు, మొత్తం 3.27 కిలోవాట్లు. పెట్టించిన దగ్గర్నుంచి ప్యానెళ్ల వల్ల ఒక్క ఇబ్బందీ రాలేదు. తలనొప్పులన్నీ ప్యానెల్‌కీ కరెంటు స్తంభానికీ మధ్య ఉన్న వాటితోనే: నీడ, బోల్టులు, వైర్లు, మీటరు, బిల్లు మీద పేరు. అమ్మేవాళ్లు ప్యానెల్ కంపెనీ గురించి అరగంట చెబుతారు, వీటి గురించి అరనిమిషం. అందుకే ఇక్కడ వీటి గురించే ఎక్కువ రాస్తున్నాను.

ముందు బిల్లుల లెక్క. ఒక్క నెల బిల్లు చూసి ఎన్ని కిలోవాట్లో తేల్చుకోవద్దు. పన్నెండు నెలల యూనిట్లు ఒక కాగితం మీద రాసుకోండి. మన రాష్ట్రంలో ఇళ్లకు 2022లో వచ్చిన స్లాబులు ఇలా ఉన్నాయి: మొదటి 30 యూనిట్లకు 1.90, ఆపైన 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, అది దాటితే 9.75. ఇంధన సర్దుబాటు, సుంకం వగైరా వీటి మీద అదనం. వాటిని పక్కన పెట్టి స్లాబుల వరకే చూద్దాం.

మన ఎండకు ఒక కిలోవాట్ ప్యానెల్ ఏడాది సగటున రోజుకు నాలుగు యూనిట్ల వంతున, నెలకు 120 ఇస్తుందని వేసుకోవచ్చు. నెలకు 340 యూనిట్లు వాడే ఇంటిని తీసుకోండి. స్లాబుల ప్రకారం బిల్లు 2,023 రూపాయలు. నెట్ మీటర్ అంటే లైను నుంచి తీసుకున్న యూనిట్లనీ, బయటికి పంపినవాటినీ విడిగా లెక్కేసే మీటరు, అది ఉంటే వాడకంలోంచి సోలార్ యూనిట్లు తీసేసి బిల్లు వేస్తారు. ఆ యూనిట్లు కోసేది పైనుంచి, అంటే ముందు 8.75 రూపాయల యూనిట్లే పోతాయి. మొదటి కిలోవాట్ తగ్గించేది 1,036 రూపాయలు. రెండోది 682. మూడోది 304 మాత్రమే, అందులోనూ 20 యూనిట్లు మిగిలిపోతాయి. అదే ఎండ, అదే ప్యానెల్, ఆదా మాత్రం మూడో వంతు కూడా లేదు. పైగా కేంద్ర ప్రభుత్వ పీఎం సూర్యఘర్ పథకం కింద రాయితీ మొదటి రెండు కిలోవాట్లకు 30 వేల చొప్పున, మూడోదానికి 18 వేలే. మూడుకు కలిపి 78 వేలు. నాలుగో కిలోవాట్ పెట్టినా రాయితీ అంతే.

మరి మూడు ఎందుకంటే, వేసవిలో రెండు ఏసీలు ఆడితే మా మీటరు 500 దాటుతుంది. ఆ నెలల్లో మూడో కిలోవాట్ ఆదా 304 కాదు, 816. అలాంటి నెలలు ఏడాదికి నాలుగు కూడా లేని ఇంటికి రెండు కిలోవాట్లు చాలు. ఏసీ లేని ఇంటికి మూడు, నాలుగు అంటగట్టేవాళ్లని నమ్మొద్దు. వాడకానికి మించి తయారైన యూనిట్లకు డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) కట్టే ధర, మీరు తప్పించుకునే పై స్లాబు ధరకు దగ్గర్లో కూడా ఉండదు.

ఇక దరఖాస్తు. సూర్యఘర్ జాతీయ పోర్టల్‌లో రాష్ట్రం, డిస్కం (గుంటూరు, విజయవాడ రెండూ ఏపీసీపీడీసీఎల్ కిందికే వస్తాయి), బిల్లు మీది సర్వీసు నంబరు ఇచ్చి నమోదు చేసుకోవాలి. కష్టం పోర్టల్‌తో కాదు, పేరుతో. తాతగారు పోయి పదేళ్లయినా మీటరు ఆయన పేరు మీదే ఉండిపోవడం మన ఇళ్లలో మామూలే. బిల్లు మీద పేరొకటి, బ్యాంకు ఖాతాలో పేరొకటి అయితే రాయితీ చివరి మెట్టు మీద ఆగుతుంది. అప్పటికి ప్యానెళ్లు డాబా మీద ఉంటాయి, డబ్బులు వెండర్‌కి వెళ్లిపోయి ఉంటాయి. కాబట్టి కొటేషన్లు అడగకముందే పేరు మార్పు పూర్తి చేసుకోండి. ఇంటిపేరు ముందా వెనకా, పొడి అక్షరమా పూర్తి పేరా అన్నవి కూడా ఒకసారి సరిచూసుకోండి.

సాంక్షన్డ్ లోడు, అంటే మన సర్వీసుకి డిస్కం మంజూరు చేసిన కిలోవాట్లు, చాలదేమోనని చాలామంది ఆగిపోతారు. 2024 ఫిబ్రవరిలో కేంద్రం వినియోగదారుల హక్కుల నిబంధనలు సవరించింది. 10 కిలోవాట్ల దాకా సాంకేతిక పరిశీలన అక్కర్లేదు, దరఖాస్తు ఆమోదం పొందినట్టే లెక్క, అవసరమైన మేరకు లోడు కూడా పెంచాలి. 5 కిలోవాట్ల దాకా ట్రాన్స్‌ఫార్మరు, లైను బలపరచాల్సి వస్తే ఆ ఖర్చు డిస్కందే. ఈ రెండు ముక్కలు తెలిసుంటే ఆఫీసులో మాట్లాడటం తేలిక.

కొటేషన్లు నాలుగు తీసుకున్నాను. 1 లక్షా 85 వేల నుంచి 2 లక్షల 20 వేల దాకా వచ్చాయి. తేడా ఎక్కడుందో చూస్తే ప్యానెళ్లలో పెద్దగా లేదు. రాయితీ కావాలంటే సెల్లూ మాడ్యూలూ రెండూ దేశంలో తయారైన డీసీఆర్ ప్యానెళ్లే పెట్టాలి, వాటి ధర అందరికీ ఇంచుమించు ఒకటే. అసలు తేడా ప్యానెళ్లని మోసే స్ట్రక్చర్ ఇనుములో, ఏసీ వైరు (ప్యానెళ్ల డీసీ కరెంటుని ఇంట్లో వాడే ఏసీ కరెంటుగా మార్చే ఇన్వర్టరు నుంచి మీటరుకి వచ్చే వైరు) మందంలో, ఎర్తింగ్ గుంతల్లో. కొటేషన్‌లో "స్టాండర్డ్ కేబుల్" అని రాసుంటే దాన్ని కొట్టేసి చదరపు మిల్లీమీటర్లు రాయించుకోండి. జీఎస్టీ కూడా చూసుకోండి. ప్యానెళ్లు, ఇన్వర్టరు, బిగింపు అన్నీ కలిపిన కాంట్రాక్టులో 70 శాతం సరుకు, 30 శాతం సేవ కింద లెక్క కడతారు. సరుకు మీద పన్ను 12 నుంచి 5 శాతానికి 2025 సెప్టెంబర్ 22న తగ్గింది. మొత్తం మీద 13.8 ఉన్న చోట ఇప్పుడు 8.9 శాతం. పాత ఫార్మాట్‌లోనే 13.8 కొడుతున్న కొటేషన్లు ఇంకా తిరుగుతున్నాయి. బ్యాంకు లోను గురించి ఎక్కువ చెప్పేదేం లేదు, ఆ పోర్టల్ దరఖాస్తు నంబరుతోనే పని నడుస్తుంది.

నీడ దగ్గర మాత్రం నిదానంగా కూర్చోవాలి. మన ఇళ్లలో ఓవర్‌హెడ్ ట్యాంకు నైరుతిలోనే ఉంటుంది, వాస్తు. మధ్యాహ్నం తర్వాత సూర్యుడు కూడా నైరుతికే దిగుతాడు, ముఖ్యంగా చలికాలంలో. కాబట్టి ట్యాంకు నీడ డాబాకి అడ్డంగా ఈశాన్యం వైపు సాగుతుంది. మా డాబా మీద ఖాళీ చాలావరకు ఆ దారిలోనే ఉంది.

లెక్క కష్టమేం కాదు. గుంటూరు, విజయవాడ రెండూ దాదాపు పదహారున్నర డిగ్రీల ఉత్తర అక్షాంశం మీదున్నాయి. డిసెంబర్ మూడో వారంలో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు దక్షిణాన సుమారు 50 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. ఆ వేళ 8 అడుగుల ట్యాంకు నీడ ఉత్తరానికి 6 అడుగుల 8 అంగుళాలు పడుతుంది. మూడింటికి దాదాపు దానికి రెట్టింపు. అదే జూన్‌లో సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగానే ఉంటాడు, నీడ ట్యాంకు కిందే ముడుచుకుంటుంది. సర్వేకి వచ్చినతను మేలో వచ్చి "నీడ ఎక్కడుందండీ, ఫుల్ ఎండ" అన్నాడు. మేలో ఉండదు. సంక్రాంతికి ఉంటుంది. దక్షిణపు పిట్టగోడ, పక్క అపార్ట్‌మెంటు లిఫ్టు గది, ట్యాంకు మూడింటికీ ఎత్తు కొలిచి, డిసెంబర్ నీడ సుద్దముక్కతో డాబా మీద గీసి, ఆ గీతకి బయట, ఆగ్నేయం వైపు ప్యానెళ్లు పెట్టించాను. ఆరు ప్యానెళ్లూ ఒకే స్ట్రింగ్, అంటే ఒకదాని వెనక ఒకటి గొలుసు. ఒక ప్యానెల్ మీద నీడ పడితే లోపల కరెంటుని పక్కదారి పట్టించే బైపాస్ డయోడ్ల వల్ల మిగతావి పూర్తిగా ఆగవు గానీ, నష్టం మాత్రం నీడ పడ్డ జానెడు మేరకే పరిమితం కాదు.

ఆరు ప్యానెళ్లకి స్థలం ఎంతంటే, ఒక్కోటి 2278 మిల్లీమీటర్ల పొడవు, 1134 వెడల్పు, 28 కిలోల బరువు. మూడేసి చొప్పున రెండు వరసలంటే సుమారు పదకొండున్నర అడుగులకు పదిహేను. దక్షిణానికి 12 డిగ్రీల వాలు ఇచ్చాం. ముందు కాలు 7 అడుగులు, వెనక కాలు 10. ఎత్తు స్ట్రక్చర్‌కి అదనంగా ఖర్చయింది గానీ డాబా డాబాగానే మిగిలింది. వేసవిలో వడియాలు, ఊరమిరపకాయలు పోసుకోవడానికి చోటు పోతుందని ఇంట్లో వచ్చిన అభ్యంతరం నిజమైనదే. వాలు 10 డిగ్రీల కంటే తగ్గిస్తే ప్యానెల్ కింది అంచు దగ్గర దుమ్ము బురదలా పేరుకుపోతుంది, వాన కూడా కడగదు.

గాలి సంగతి. ఐఎస్ 875 (కట్టడాల మీద పడే బరువు, గాలి లెక్కలకి భారత ప్రమాణం) మూడో భాగంలో విజయవాడకి ప్రాథమిక గాలి వేగం సెకనుకి 50 మీటర్లు, అంటే గంటకి 180 కిలోమీటర్లు. 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుపాను తీరం దాటింది మనకు దగ్గర్లోని బాపట్ల దగ్గరే. ఆ వేగంలో చదరపు మీటరుకి 1500 న్యూటన్ల ఒత్తిడి. ఆరు ప్యానెళ్ల వైశాల్యం పదిహేనున్నర చదరపు మీటర్లు. గాలి కోణాన్ని బట్టి పెరగొచ్చు, తగ్గొచ్చు గానీ, పైకి లాగే బలం రెండు టన్నుల స్థాయిలో ఉంటుంది. ప్యానెళ్ల బరువు మొత్తం కలిపి 168 కిలోలు. అడుగుకి అడుగు సిమెంటు దిమ్మ 68 కిలోలు, ఆరు కాళ్లకి ఆరు దిమ్మలంటే 400 పైచిలుకు. ఇనుము కలిపినా టన్ను కాదు. దిమ్మలు పెడితే చాలు, శ్లాబు ముట్టుకోం అనేవాళ్ల మాట ఇక్కడ తేలిపోతుంది.

మేం చేసింది: కాళ్లు వీలైనంతవరకు కింద దూలాలున్న చోట పడేలా సర్దుకుని, బేస్ ప్లేటుకి నాలుగు కెమికల్ యాంకర్లు (రంధ్రంలో జిగురు మందు పోసి బిగించే బోల్టులు), దాని మీద దిమ్మ పోత. శ్లాబు మందం 5 అంగుళాలు, రంధ్రం 3 అంగుళాలు దాటనివ్వలేదు. దూలం లేని చోట రంధ్రం పెట్టేముందు ఫ్యాను పైపు ఎటు పోయిందో తెలుసుకోండి. శ్లాబులో దాగిన కరెంటు పైపుని డ్రిల్లు చీలిస్తే ఆ గదికి వైరింగ్ మళ్లీ మొదటికొస్తుంది, ఆ సందులోంచి వాన నీళ్లు ఫ్యాను కొక్కెం దగ్గర కారతాయి. ఇనుము హాట్ డిప్ గాల్వనైజ్డ్, అంటే కరిగిన జింకులో ముంచి తీసినది, పూత 80 మైక్రాన్లు. సైటులో కోసి వెల్డింగ్ పెట్టిన చోట ఆ పూత కాలిపోతుంది, అక్కడ జింకు పెయింటు రెండు పూతలు వేయించాలి. వెల్డింగ్ లేకుండా బోల్టులతో వచ్చే స్ట్రక్చర్ అయితే ఈ గొడవే ఉండదు.

ఇన్వర్టరు ఎక్కడ పెట్టాలన్నది చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది. మీటరు బోర్డు పక్కన, కింద పార్కింగ్‌లో పెడితే వైరు కలిసొస్తుందని అందరూ అక్కడే పెడతారు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాక ఆ ఆలోచన మానుకున్నాను. మొదటి అంతస్తు మెట్ల గోడకి, ఎండ తగలని చోట, చుట్టూ అడుగు ఖాళీ వదిలి బిగించాం. ఇలా చేస్తే ఇన్వర్టరు నుంచి మీటరుకి 25 మీటర్ల వైరు పట్టింది. నా తప్పు అక్కడ జరిగింది.

బిగించినవాళ్లు ఆ 25 మీటర్లకి రెండున్నర చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు లాగారు. 13 ఆంపియర్లకి ఆ వైరు వేడెక్కదు, నిజమే. అందుకే నేనూ ఊరుకున్నాను. రెండు వారాల తర్వాత ఇన్వర్టరు యాప్‌లో గ్రాఫు చూస్తే పొద్దున గుండ్రంగా లేచిన గీత పదకొండు నుంచి రెండు దాకా రంపం పళ్లలా ఉంది. ఇన్వర్టరు నిమిషాల తేడాతో ఆగడం, మళ్లీ అందుకోవడం. స్క్రీను మీద "గ్రిడ్ ఓవర్ వోల్టేజీ".

కారణం ఇదీ. ఇన్వర్టరు కరెంటుని స్తంభం వైపు తోయాలంటే స్తంభం కంటే తన దగ్గర వోల్టేజీ ఎక్కువ ఉండాలి. ఎంత ఎక్కువన్నది దారిలోని వైరు నిరోధం మీద ఉంటుంది. రెండున్నర వైరు కిలోమీటరుకి 7.4 ఓములు. పోనూ రానూ 50 మీటర్లకి 0.37. 13 ఆంపియర్లకి 4.8 వోల్టులు. మీటరు నుంచి స్తంభానికి 20 మీటర్ల నాలుగు చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం సర్వీసు వైరు, దాని మీద ఇంకో 3.9. మధ్యాహ్నం స్తంభం దగ్గర 247 ఉంటే ఇన్వర్టరు దగ్గర 255.7. దాని హద్దు 253, అంటే 230కి పది శాతం పైన. దాటగానే ఆగిపోతుంది, అది దాని ధర్మం.

పాత వైరు తీసేసి ఆరు చదరపు మిల్లీమీటర్ల వైరు వేయించాను. 4.8 వోల్టుల పెరుగుదల 2కి దిగింది, మొత్తం 252.9. అంచు మీద ఉంది గానీ నిలబడింది. మిగిలిన పని స్తంభం దగ్గర. లైన్‌మెన్ నిచ్చెనేసి ఎక్కి చూసి, "జంపరు వదులుగా ఉందండీ, నల్లగా మాడింది" అని లైనుకీ సర్వీసు వైరుకీ మధ్య ఉన్న ఆ తీగని కోసి కొత్తగా చుట్టాడు. వోల్టేజీ ఇంకో రెండు తగ్గింది. అప్పటికీ ఆగుతుంటే ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) గారికి అర్జీ పెట్టి, సర్వీసుని లోడు ఎక్కువున్న ఫేజుకి మార్పించుకోవచ్చు, లేదా ట్రాన్స్‌ఫార్మరులో వోల్టేజీ సర్దే ట్యాప్ ఒక మెట్టు దించమనొచ్చు. ఇన్వర్టరు హద్దుని సాఫ్ట్‌వేర్‌లో 270కి పెంచేస్తామని వెండర్ చెప్తే ఒప్పుకోకండి. ఆ వోల్టేజీ మీ ఫ్రిజ్‌కీ, ఏసీ బోర్డుకీ కూడా అందుతుంది.

డీసీ వైపు పరీక్ష ఒక్కటి మీరే చేయించుకోండి. ఇన్వర్టరుకి కలపకముందు స్ట్రింగ్ చివర మల్టీమీటరు పెట్టించండి. ఈ ప్యానెల్ ఓపెన్ సర్క్యూట్ వోల్టేజీ 25 డిగ్రీల దగ్గర 49.5, ఆరింటికి 297. ఎండలో ప్యానెల్ 60 డిగ్రీలకి కాగి ఉంటే 270 దగ్గర చూపిస్తుంది. 225 చూపిస్తే ఒక ప్యానెల్ గొలుసులో లేనట్టే. ప్యానెళ్ల వైర్లని ఒకదానికొకటి కలిపే ఎంసీ4 కనెక్టర్లు క్రింపింగ్ టూలుతో నొక్కాలి. కటింగ్ ప్లేయరుతో నొక్కిన పిన్ను ఆరు నెలలకి వదులై, వేడెక్కి, ప్లాస్టిక్ కరుగుతుంది. ఎండలో నడుస్తుండగా ఆ కనెక్టర్ని ఎవరూ లాగకూడదు. ఏసీ నిప్పురవ్వలా ఆరిపోదు, డీసీ ఆర్కు చేతి దాకా సాగుతుంది. ముందు ఏసీ ఎంసీబీ, తర్వాత డీసీ స్విచ్చి, ఆపైనే కనెక్టరు.

ఎర్తింగ్ గుంతలు మూడు: డీసీకి, ఏసీకి, పిడుగు వాహకానికి విడివిడిగా. మా వైపు నల్లరేగడి వానాకాలంలో ఎర్తింగ్‌కి బంగారం లాంటి నేల. మేలో నెర్రెలిచ్చి రాడ్డుని వదిలేస్తుంది. వేసవిలో వారానికో బిందె నీళ్లు గుంతలో పోయండి.

ఇక మీటరు. బిగింపు పూర్తయింది, నెట్ మీటర్ ఇంకా రాలేదు. "ఊరికే టెస్టింగ్‌కండీ" అని వెండర్ మనిషి ఇన్వర్టరు ఆన్ చేసి అలాగే వదిలేసి వెళ్లాడు. పాత ఎలక్ట్రానిక్ మీటర్లలో చాలావాటికి కరెంటు ఎటు పోతోందో పట్టదు, బయటికి పోయినదాన్ని కూడా వాడకం కిందే లెక్కేస్తాయి. మధ్యాహ్నం ఇంట్లో ఫ్యాను కూడా తిరగని వేళ మీటరు లైటు గబగబా కొట్టుకుంటుంటే అనుమానమొచ్చి ఏసీ ఎంసీబీ దించేశాను. అప్పటికి ఐదు రోజులు, 40 యూనిట్లు. మన కరెంటుకి మనమే పై స్లాబులో డబ్బు కట్టడమన్నమాట. నెట్ మీటర్ బిగించి, సీలు వేసి, డిస్కం వాళ్లు కమిషనింగ్ రిపోర్టు పోర్టల్‌లో పెట్టేదాకా ఆ ఎంసీబీ కిందికే ఉండాలి. రిపోర్టు వచ్చాక బ్యాంకు వివరాలు, క్యాన్సిల్డ్ చెక్కు ఎక్కిస్తే రాయితీ ఖాతాలో పడుతుంది.

మొదటి బిల్లు చదవడం దగ్గర చాలామంది తికమకపడతారు. ఇంపోర్టు 190, ఎక్స్‌పోర్టు 228 అని ఉంటుంది. "228 యూనిట్లేనా తయారైంది, 360 అన్నారుగా" అని పక్కింటి పిన్నిగారు వాళ్ల బిల్లు పట్టుకుని వచ్చారు. ఎక్స్‌పోర్టు అంటే తయారైనది కాదు, ఇంట్లో వాడగా మిగిలి బయటికి పోయింది. తయారైంది ఇన్వర్టరు తెర మీద ఉంటుంది. అక్కడ 372 ఉంటే, 228 తీసేయగా 144 అక్కడికక్కడే వాడేశారు. దానికి ఇంపోర్టు, అంటే లైను నుంచి తీసుకున్న 190 కలిపితే ఇంటి వాడకం 334. సోలార్ లేకపోతే స్లాబుల్లో 1,970 రూపాయలయ్యేది. నెట్ సున్నా కంటే తక్కువున్నా ఫిక్స్‌డ్ ఛార్జీలు వస్తూనే ఉంటాయి. బిల్లు సున్నా అని ఎవరన్నా చెబితే అది పూర్తి నిజం కాదు.

కరెంటు పోతే ఇదీ పోతుంది. పట్టపగలు, నెత్తిన ఎండ, డాబా మీద మూడు కిలోవాట్లు, ఇంట్లో ఫ్యాను ఆగి ఉంటుంది. లైను మీద పనిచేస్తున్న లైన్‌మెన్‌కి మన ఇంటి నుంచి కరెంటు వెళ్లకుండా ఇన్వర్టరు తనంతట తనే ఆగాలి, అది రక్షణ. ఈ లోటుకి మందుగా సోలార్ లైనుని ఇంటి బ్యాటరీ ఇన్వర్టరు అవుట్‌పుట్‌కి కలిపేవాళ్లున్నారు. జనరేటరు ఉన్న అపార్ట్‌మెంట్లలో ఛేంజోవర్ స్విచ్చికి (లైను కరెంటుకీ జనరేటరుకీ మధ్య మార్చే స్విచ్చి) లోపలి వైపు కలిపినా ఇదే ప్రమాదం. సోలార్ కరెంటు ఎదురు వెళ్లి ఆ యంత్రాన్ని కాల్చేస్తుంది. కలపాల్సింది ఛేంజోవర్‌కి మీటరు వైపునే. బ్యాకప్ కావాల్సిందే అంటే మొదటే బ్యాటరీ కూడా కలిపే హైబ్రిడ్ ఇన్వర్టరు తీసుకోవాలి, ఖర్చు వేరే స్థాయి.

మొదటి గట్టి వానకి పొద్దున్నే "ఐసొలేషన్ ఫాల్ట్" (డీసీ వైపు కరెంటు ఎక్కడో నేలకి లీకవుతోందన్న హెచ్చరిక) వచ్చి, తొమ్మిదింటికి ఎండ కాశాక అదే పోయింది. ఇలా వచ్చి పోతుంటే ఇన్వర్టరు మార్చక్కర్లేదు. ఎక్కడో ఒక ఎంసీ4 కనెక్టరు డాబా మీది నీటి మడుగులో పడి ఉంటుంది, లేదా ఇనుప అంచుకి రాసుకుని కేబుల్ తోలు లేచి ఉంటుంది. మాది మొదటిది. కనెక్టర్లన్నీ ప్యానెల్ ఫ్రేము కిందికి ఎత్తి, ఎండకు చిట్లని నల్ల ట్యాగులతో కట్టాం.

రోహిణి కార్తెలో మిట్టమధ్యాహ్నం యాప్‌లో 2.5 కిలోవాట్లే కనిపిస్తే కంగారు పడకండి. ప్యానెల్‌కి వెలుతురు కావాలి, వేడి కాదు. 25 డిగ్రీలు దాటాక ప్రతి డిగ్రీకి 0.35 శాతం పోతుంది. ప్యానెల్ 65 డిగ్రీలుంటే 14 శాతం అక్కడే పోయింది. ఆకాశం తేటగా, గాలి చల్లగా ఉండే ఫిబ్రవరి మధ్యాహ్నాల్లోనే అన్నిటికంటే పెద్ద అంకె కనిపిస్తుంది.

కడగడం పదిహేను రోజులకోసారి, సూర్యోదయానికి ముందు. కాగిన గాజు మీద చన్నీళ్లు పోయకూడదు. బోరు నీళ్లు ఆరితే తెల్లటి మచ్చలు పడతాయి, వాటిని గీకితే పై పూత పోతుంది. ఆర్వో ఫిల్టరు వదిలేసే నీళ్లు వృథా కాకుండా వీటికి పోద్దామని చాలామంది అనుకుంటారు. ఆ నీళ్లలో ఉప్పు బోరు నీళ్ల కంటే ఎక్కువ. మున్సిపల్ కుళాయి కృష్ణా నీళ్లు ఒక బకెట్టు, మెత్తటి మాపు చాలు, సర్ఫు వద్దు. అక్టోబర్ మొదట్లో, తుపాన్లకి ముందు, ప్యానెళ్ల మధ్య క్లాంపులు స్పానర్‌తో ఒకసారి బిగించి చూడండి. మొదటి ఏడాది మావి ఇరవై నాలుగులో మూడు వేలితోనే తిరిగాయి.